ఓర్వకల్లులో దిగే ఆ రెండు ఫ్యాన్ల చిన్న విమానం ఏది? దాన్నే రోజూ విజయవాడకి తిప్పకూడదా?

నంద్యాల_చెక్‌పోస్ట్ (ప్రశ్న):

అందరికీ నమస్తే. మాది కర్నూలు. పని మీద నంద్యాల రోడ్డులో తిరుగుతుంటా కాబట్టి ఓర్వకల్లు ఎయిర్‌పోర్టులో ఎక్కేవీ దిగేవీ కంట్లో పడుతుంటాయి. ఇండిగో వాళ్ళ ఏటీఆర్‌ని, అదే ఫ్యాన్లుండే పెద్ద విమానాన్ని, గుర్తుపడతా. అది కాకుండా అప్పుడప్పుడూ ఒక తెల్లటి చిన్న విమానం వస్తుంది. రెక్కకొకటి చొప్పున రెండు ఫ్యాన్లు, గుండ్రటి కిటికీలు, తోక మీద అడ్డంగా ఇంకో చిన్న రెక్క. ఒకసారి మా సార్‌ని దింపడానికి లోపలికి పోయినప్పుడు దగ్గరగా చూశా. వెనక పక్క తలుపే కిందికి తెరుచుకుని మెట్లయిపోయింది. అయిదారుగురు తల వంచుకుని ఒక్కొక్కరే దిగారు, బయట ఇన్నోవాలు రెడీగా ఉన్నాయి, వెళ్ళిపోయారు. మంత్రులో, సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళో తెలీదు.

నా అసలు బాధ వేరే. నేను ఒక లాయర్ గారి ఆఫీసులో పనిచేస్తా. హైకోర్టేమో అమరావతిలో. వాయిదా ఉందంటే రాత్రి బస్సెక్కి, పొద్దున్నే నడుము పట్టేసిన మనిషిలా దిగి, కోర్టు పని చూసుకుని మళ్ళీ రాత్రి బస్సే. కారులో పోదామంటే ఆత్మకూరు - దోర్నాల అడవి రోడ్డు రాత్రి పూట మూసేస్తారు, గిద్దలూరు మీదుగా చుట్టూ తిరిగి పోవాలి. 1953లో రాజధాని అయిన ఊరు మాది, చెప్పుకుంటే నవ్వుతారు.

పెద్ద ఏటీఆర్ అంటే 78 సీట్లు, అది నిండాలి, అందుకే ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు తీసేస్తారో అని టెన్షన్. అదే ఈ చిన్నదైతే ఎనిమిది, పది మంది చాలు కదా. పొద్దున ఏడుకి పోయి సాయంత్రం వచ్చేట్టు వేస్తే లాయర్లు, కాంట్రాక్టర్లు, సెక్రటేరియట్ పనులున్నోళ్ళతోనే రోజూ నిండిపోతుందని నా లెక్క. మరి ఎవరూ ఎందుకు వేయరు? రూల్సు ఒప్పుకోవా, గిట్టుబాటు కాదా? ఇంకోటి, మా బావమరిది చిన్న విమానం అనగానే భయపడతాడు, "అది ఎక్కేదానికన్నా లారీ ఎక్కడం మేలు" అంటాడు. నిజంగా అంత డేంజరా? తెలిసినోళ్ళు చెప్పండప్పా.

---

వడదెబ్బ_అనంతపురం:

మీకు ఎయిర్‌పోర్టయినా ఉందన్నా. మా అనంతపురం టౌనుకి అదీ లేదు. పుట్టపర్తిలో రన్‌వే ఉంది, 1990 నుంచీ ఉంది, మామూలు జనానికి రోజూ ఎక్కే విమానం మాత్రం లేదు. అయితే మాకు బెంగుళూరు ఎయిర్‌పోర్టు దేవనహళ్ళి ఇటు పక్కే కాబట్టి హైవే మీద మూడు గంటల్లో పడతాం. మాకెవరైనా ఉచితంగా చిన్న విమానం వేసినా ఎక్కుతామో లేదో.

---

కడప_హ్యాంగర్:

మీరు చెప్పిన గుర్తులన్నీ కలిపితే అది బీచ్‌క్రాఫ్ట్ కింగ్ ఎయిర్. గుండ్రటి కిటికీలు, టీ తోక (ఇంగ్లీషు T అక్షరంలా పైన అడ్డ రెక్క ఉన్న తోక) రెండూ ఉన్నాయి కాబట్టి 200 సిరీస్‌ది, ఎక్కువగా కనబడేది బి200. తోక మామూలుగా ఉండుంటే సీ90 అనేవాణ్ణి, అది ఇంకాస్త చిన్నది. టీ తోకే ఉండి ఒళ్ళు బాగా పొడుగ్గా ఉంటే 350. నేను చాలా ఏళ్ళు బయటి రాష్ట్రాల్లో విమానాల మెయింటెనెన్స్‌లో చేసి రిటైరై కడపలో కూర్చున్నా, ఈ సంగతి ఎత్తితే నన్ను ఆపడం కష్టం, ఓపికుంటే చదవండి.

అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం, విచిటా ఊరు. 1932లో వాల్టర్ బీచ్, ఆయన భార్య ఆలివ్ ఆన్ కలిసి కంపెనీ పెట్టారు. 1937లో బీచ్ 18 అని రెండింజన్ల విమానం ఎగిరింది, దాన్ని ముప్పై ఏళ్ళకు పైగా తయారు చేస్తూనే ఉన్నారు. 1950లో వాల్టర్ పోయాక ఆలివ్ ఆన్ గారే కంపెనీని నడిపింది, తర్వాతొచ్చిన క్వీన్ ఎయిర్, కింగ్ ఎయిర్ రెండూ ఆమె హయాంలోవే. క్వీన్ ఎయిర్ 1958లో ఎగిరింది, దానికి పెట్రోలుతో నడిచే పిస్టన్ ఇంజన్లు. దానికే టర్బైన్ ఇంజన్లు తగిలించి, పైకి పోయినా లోపల గాలి ఒత్తిడి నిలబడేలా బాడీ మార్చి 1964 జనవరిలో కింగ్ ఎయిర్ 90 ఎగరేశారు. 1969లో సాగదీసి 100 చేశారు. 1972లో రెక్కలు పెంచి, టీ తోక పెట్టి 200 తెచ్చారు. అక్కణ్ణుంచి 300, 350. ఇప్పటికీ 260, 360 పేర్లతో తయారవుతున్నాయి, కంపెనీ మాత్రం టెక్స్‌ట్రాన్ చేతికి పోయింది. అన్నీ కలిపి ఏడు వేలు దాటాయి. మన బొలెరో లాగా అన్నమాట, బయటి ఆకారం చూస్తే అదే బండి, బానెట్ ఎత్తితేనే ఏం మారిందో తెలిసేది.

అసలు గొప్పతనం ఇంజన్‌ది అంటాన్నేను. కెనడాలోని ప్రాట్ అండ్ విట్నీ వాళ్ళ పీటీ6. తమాషా ఏంటంటే 1961లో దీన్ని మొదటిసారి గాల్లో పరీక్షించింది కూడా పాత బీచ్ 18 ముక్కుకి తగిలించే. మామూలుగా ఇంజన్ అంటే గాలి ముందు నుంచి పీల్చుకుని పొగ వెనక నుంచి వదులుతుంది కదా, ఇందులో తిరగేసి ఉంటుంది. కింద ఉన్న నోటి నుంచి గాలి వెనక్కి పోయి, అక్కడ తిరిగి ముందుకొస్తూ మండి, ఫ్యాన్ దగ్గర్లోనే రెండు పక్కలా వంగిన గొట్టాల్లోంచి పొగ బయటికొస్తుంది. ఈసారి దగ్గరికి పోతే ఆ గొట్టాలు చూడండి, వాటి వెనక ఇంజన్ డబ్బా మీద మసి చార కనబడుతుంది. రోజూ గుడ్డ పెట్టి తుడిచేవాళ్ళం.

ఇంకోటి, ఆపి ఉంచిన కింగ్ ఎయిర్ ఫ్యాన్ రెక్కలు గమనించండి. పదును అంచు గాలికి ఎదురుగా తిరిగి, పలకలు పడుకోబెట్టినట్టు కనబడతాయి. ఇంజన్ ఆగి ఆయిల్ ప్రెషర్ పోగానే స్ప్రింగులు వాటిని ఆ కోణానికి తిప్పేస్తాయి. ఫ్యాన్‌ని తిప్పే టర్బైన్‌కీ, ఇంజన్‌లో గాలి కుదించే భాగానికీ మధ్య ఇనుప కడ్డీ లంకె ఉండదు, వేడి గాలి తోసుకుపోతేనే తిరుగుతుంది. అందుకే నిలిపిన విమానం ఫ్యాన్ చిన్న గాలికి కూడా గిరగిరా తిరుగుతుంది, అలా ఊరికే తిరిగితే లోపల బేరింగులకి ఆయిల్ అందదు. దానికి ఎర్ర పట్టీ ఒకటి కట్టి గొట్టాలకి మూతలు పెట్టేస్తాం. కొత్త హెల్పర్ ఆ పట్టీ మర్చిపోయాడంటే ఆ రోజు వాడికి మూడినట్టే.

వేగం గంటకు 500 కిలోమీటర్ల పైనే, 35,000 అడుగుల దాకా ఎక్కగలదు. ఫ్యాన్ రెక్కల కోణం వెనక్కి తిప్పి బ్రేకులా వాడొచ్చు కాబట్టి దిగడానికి వెయ్యి మీటర్లు కూడా పట్టదు. ఓర్వకల్లు రన్‌వే 2,000 మీటర్లు, సగం మిగిలిపోతుంది.

---

వడదెబ్బ_అనంతపురం:

హ్యాంగర్ సార్, మా చిన్నప్పుడు అనంతపురంలో మేఘమథనం అని వాన కోసం విమానాలు తిప్పేవాళ్ళు, మేడెక్కి మబ్బుల్లో వెతికేవాళ్ళం. అవీ ఇవేనా?

---

కడప_హ్యాంగర్:

అప్పట్లో మన జిల్లాల్లో ఏ కంపెనీది ఏ మోడల్ తిప్పారో రకరకాలు. కానీ 2017లో కర్ణాటక వాళ్ళు వర్షధారి పేరుతో చేసింది బి200తోనే. రెక్కల వెనక అంచుకి కడ్డీల్లాంటి ఫ్లేర్లు వరసగా బిగిస్తారు, మబ్బు దగ్గరికి పోయాక లోపల స్విచ్ నొక్కితే ఒక్కొక్కటీ కాలుతూ సిల్వర్ అయొడైడ్ పొగ, లేకపోతే ఉప్పు పొగ వదులుతుంది. ఈ పనికి కింగ్ ఎయిర్‌నే ఎందుకు పట్టుకుంటారంటే, రెక్క ముందు అంచుకి నల్ల రబ్బరు తొడుగు ఉంటుంది చూడండి, మంచు పట్టినప్పుడు అది ఉబ్బి పగలగొట్టేస్తుంది. మబ్బులోకి దూరే విమానానికి అది ఉండి తీరాలి. వాన పడిందా లేదా అని నన్నడగొద్దు, మబ్బు ఉంటేనే కదా మథనం.

---

తాడిపత్రి_నాపరాయి:

డబ్బు లెక్క నేను చెప్తా, చేతులు కాల్చుకున్నోణ్ణి కాకపోయినా బిల్లు చూసినోణ్ణి. మా వ్యాపారం వాళ్ళు నలుగురితో కలిసి ఒక టెండర్ పని మీద ఇలాంటిదే మాట్లాడుకున్నాం. గంటకు లక్ష పైనే చెప్తారు. సరే, మనిషికి ఇంత పడుతుందిలే అని మనం భాగారం వేసుకుంటాం. అక్కడే తిరకాసు. విమానం ఓర్వకల్లులో కాచుకుని ఉండదు, హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంటుంది. అది ఖాళీగా ఇక్కడికి వచ్చే టైముకి మనమే కట్టాలి. మనల్ని దించాక ఖాళీగా వెనక్కి పోయేదానికీ మనమే. సాయంత్రం దాకా ఆగమంటే పార్కింగు, వెయిటింగు, రాత్రి ఆగితే ఇద్దరు పైలట్లకి రూములు, భోజనాలు. పైన జీఎస్టీ. గాల్లో కూర్చున్నది ముప్పావు గంట, బిల్లు మూడు నాలుగు గంటలకి.

అయినా మాకు గిట్టింది. ఎందుకంటే ఆ రోజు నలుగురం ఒకేచోట సంతకాలు పెట్టాలి, మధ్యాహ్నానికల్లా ఇంకో ఊళ్ళో ఉండాలి. అలాంటి రోజులు ఏడాదిలో ఎన్నొస్తాయి? మిగతా రోజులు నేను కూడా గుత్తిలో రైలెక్కేవాణ్ణే. కోర్టు వాయిదాకి మాత్రం వద్దన్నా, జడ్జి గారు లీవు పెడితే ఆ బాధ తట్టుకోలేం.

లోపల ఎలా ఉంటుందంటే, నాలుగు సీట్లు ఎదురెదురుగా, మధ్యలో మడిచే బల్ల. కేబిన్ ఎత్తు అయిదడుగులు కూడా లేదు, నిటారుగా నిలబడితే తల తగులుతుంది, అందుకే మీకు అందరూ వంగి దిగుతూ కనబడ్డారు. మా వాళ్ళలో ఒకాయన ఆరడుగులుంటాడు, ఆయన దాదాపు పాకుతూనే పోయాడు.

---

రెండో_ప్లాట్‌ఫారం_గుంతకల్లు:

ప్రశ్న అడిగిన తమ్ముడికి: నీ ఐడియా కొత్తది కాదు, మన దేశంలో చేసి చూశారు, అదీ ఇదే కుటుంబం విమానంతో. హ్యాంగర్ గారు వదిలేశారు గానీ, కింగ్ ఎయిర్ 200 ఒంటినే సాగదీసి 19 మందికి సరిపోయేలా చేసింది బీచ్ 1900, 1982లో ఎగిరింది. తర్వాత 1900డీ అని లోపల నిలబడి నడిచేంత ఎత్తు పెంచి ఇంకోటి తెచ్చారు. 2002 దాకా చేసి ఆపేశారు, అన్నీ కలిపి 700కి కాస్త తక్కువ. సరిగ్గా నువ్వన్న పనికే పుట్టిన విమానం.

చిన్న ఊళ్ళకి విమానాలు తిప్పడానికి కేంద్రం పెట్టిన ఉడాన్ పథకం వచ్చాక కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ పేరు మళ్ళీ లేపి 2017 డిసెంబరులో ఈ 1900డీలతోనే ముంబయి, నాసిక్, జల్గావ్ వైపు మొదలుపెట్టాడు. సగం సీట్లు గంట ప్రయాణానికి 2,500 రూపాయల లెక్కన అమ్మాలి, తేడా ప్రభుత్వం ఇస్తుంది, అదీ మూడేళ్ళు. ఇంకో కంపెనీ ఎయిర్ ఒడిషా కూడా ఇవే పెట్టింది. ఆ కంపెనీకి కేటాయించిన రూట్లు రద్దయ్యాయి, ఎయిర్ డెక్కన్ 2020లో కరోనాతో ఆగింది. సబ్సిడీ ఉండీ నిలబడలేదు.

ఎందుకో చూడు. ఏటీఆర్‌కి ఇద్దరు పైలట్లు, దీనికీ ఇద్దరే. ఫైర్ ఇంజన్, టవరు, సెక్యూరిటీ, సామాను స్కానింగు, ఇవన్నీ 78 మందికి ఎంతో 19 మందికీ దాదాపు అంతే. పీటీ6 ఇంజన్‌ని కొన్ని వేల గంటలకి పూర్తిగా విప్పి చెయ్యాలి, అలాంటివి రెండు, ఆ ఖర్చు పంతొమ్మిది టికెట్ల మీద పడుతుంది. ఒక విమానం రిపేరుకి పోయిందంటే బదులు ఇంకోటి ఉండదు, ఆ రోజు క్యాన్సిల్. రెండుసార్లు క్యాన్సిల్ అయితే లాయరు గారు మూడోసారి బస్సుకే పోతారు. చిన్న విమానాల కంపెనీలు మునిగేది ఎక్కువగా ఇక్కడే అని నా అభిప్రాయం, సీట్లు నిండక కాదు.

నేపాల్‌లో బుద్ధ ఎయిర్ 1997లో 1900డీతోనే మొదలైంది, బాగా నడిచింది. ఎదిగాక ఏం చేసింది? ఏటీఆర్‌లకి మారింది. అక్కడ కొండల మధ్య రోడ్డంటే పగలంతా పోతుంది కాబట్టి ఆ మాత్రం నడిచింది. అమెరికాలో కేప్ ఎయిర్ అని ఉంది, సెస్నా 402 అనే తొమ్మిది సీట్ల పిస్టన్ విమానాలతో దశాబ్దాలు నడిపింది, ఎక్కడ? బోస్టన్ దగ్గరి దీవులకి. మధ్యలో సముద్రం. పోటీకి బస్సు రాదు, పడవ ఒక్కటే. చాలా చిన్న ఊళ్ళకి అక్కడ కూడా 1978 నుంచీ ప్రభుత్వం డబ్బిస్తేనే విమానం వస్తుంది.

మనకి మధ్యలో ఉన్నది నల్లమల. గాల్లో చూస్తే ఓర్వకల్లు నుంచి గన్నవరం 300 కిలోమీటర్లే. చిన్నది అయితే ముప్పావు గంట, ఏటీఆర్ అయితే గంట లోపల. ఆ పది పదిహేను నిమిషాల కోసం ఎవడూ ఎక్కువ ఇవ్వడు. నువ్వడగాల్సింది చిన్న విమానం కాదు తమ్ముడూ, ఉన్న పెద్ద విమానాన్ని పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి వేయమని. టైము కుదిరితే జనం అదే వస్తారు.

---

నంద్యాల_చెక్‌పోస్ట్:

గుంతకల్లు అన్నా, నీళ్ళు చల్లేశావు. కానీ ఒకటి. మనం కొత్త కింగ్ ఎయిర్ గురించి ఎందుకు, పాత పెట్రోలు విమానం, ఆ సెస్నా 402 లాంటిది చవగ్గా వస్తుంది కదా, దాంతో చెయ్యొచ్చు కదా?

---

కడప_హ్యాంగర్:

కొనడం చవక, నడపడం నరకం. ఆ పిస్టన్ ఇంజన్లకి కావాల్సింది అవ్‌గ్యాస్, అంటే విమానాల పెట్రోలు. ఇండియాలో అది దొరికేదే తక్కువ చోట్ల, మొన్న మొన్నటి దాకా బయటి దేశాల నుంచి తెచ్చుకునేవాళ్ళం, 2022లో గానీ ఇండియన్ ఆయిల్ ఇక్కడ తయారీ మొదలుపెట్టలేదు. కింగ్ ఎయిర్ టర్బైన్లు తాగేది ఏటీఎఫ్, అంటే టర్బైన్ ఇంజన్ల ఇంధనం, ఇండిగో ఏటీఆర్ తాగేదే. గంటకి 350, 400 లీటర్లు తాగుతుంది, ఆ మాట నిజమే, కానీ పెద్ద విమానాలు వచ్చే చోట అదే ట్యాంకరు దీనికీ పోస్తుంది. పైగా 402 సెస్నా తయారీ ఆగి నలభై ఏళ్ళయింది. స్పేర్లు వెతుక్కుంటూ పోతే జీవితం అయిపోతుంది.

ఇంకో చిక్కు మన ఎండ. మే నెలలో మధ్యాహ్నం 43 డిగ్రీలున్నప్పుడు గాలి పలచబడుతుంది, రెక్క ఎత్తే బలమూ తగ్గుతుంది, ఇంజన్ శక్తీ తగ్గుతుంది. అలాంటప్పుడు టేకాఫ్‌లో ఒక ఇంజన్ పోతే పిస్టన్ విమానం రెండోదానితో పైకి ఎక్కడమే గొప్ప. కింగ్ ఎయిర్ పరిస్థితి నయం, ఒక ఇంజన్ శక్తి పడిపోగానే దాని ఫ్యాన్ రెక్కలు వాటంతటవే గాలికి అడ్డం లేకుండా తిరిగేస్తాయి, లేకపోతే ఆ ఆగిన ఫ్యానే గాలిని పట్టి విమానాన్ని ఒక పక్కకి లాగేస్తుంది. కానీ దానికీ హద్దుంది. బి200 గరిష్ఠ బరువు 5,670 కిలోలు. ట్యాంకులు పూర్తిగా నింపితే సీట్లన్నీ నింపలేరు, సీట్లన్నీ నింపితే ఇంధనం తగ్గించుకోవాలి. పైలట్ మీ బరువు, సంచి బరువు అడిగితే సిగ్గుపడకుండా నిజం చెప్పండి.

---

ఎర్రగుంట్ల_మెడికల్స్:

లెక్కలు అందరూ చెప్పారు. ఇది నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది, నేను చూశాను. మా పెదనాన్నకి గుండె ఆపరేషన్ అర్జంటుగా చేయాలంటే కడప నుంచి ఎయిర్ అంబులెన్సులో తీసుకుపోయాం. అదీ ఇలాంటి రెండు ఫ్యాన్ల విమానమే. లోపల కుడి పక్క సీట్లు తీసేసి స్ట్రెచర్ బిగించారు, దాని కిందే ఆక్సిజన్ సిలిండర్లు, పైన గోడకి మానిటర్, డాక్టరు ఒకాయన, నర్సు ఒకాయన, నేను. తలుపు సందు చాలా ఇరుకు. స్ట్రెచర్ని పక్కకి వంచి, నలుగురు పట్టుకుని, ఒకాయన లోపలి నుంచి లాగుతూ ఎక్కించాల్సి వచ్చింది. పెదనాన్న చేతికున్న సెలైన్ పైపు తలుపు గొళ్ళేనికి తగులుకుంటే నర్సు ఒంటి చేత్తో విడదీశాడు. అప్పుడు నాకు పట్టిన చెమట ఇప్పటికీ గుర్తుంది.

ఒక్కటే మనసులో పెట్టుకోండి, బుక్ చేసేటప్పుడు మధ్యలో ఉండే ఏజెంటు అదంతా రేటులోనే అన్నాడు, దిగాక ఆసుపత్రి దాకా అంబులెన్సు వేరే అని డబ్బులు లాగాడు. ఏమేం కలిసి ఉన్నాయో ముందే రాయించుకోండి. పెదనాన్న బాగానే ఉన్నాడు, పొద్దున్నే పొలానికి పోతున్నాడు.

డాక్టర్ గారు పైలట్‌తో "కేబిన్ కింద ఉన్నట్టే ఉంచండి, ఎక్కువ ఎత్తుకి పోవద్దు" అనడం విన్నా. అలా కుదురుతుందా హ్యాంగర్ సార్?

---

కడప_హ్యాంగర్:

కుదురుతుందమ్మా, తమ్ముడూ, ఎవరైనా గానీ. బి200 బాడీ లోపలికీ బయటికీ మధ్య తట్టుకునే ఒత్తిడి తేడా చదరపు అంగుళానికి 6.5 పౌన్లు. లెక్క వేస్తే సుమారు 15,000 అడుగుల దాకా ఎక్కినా లోపల సముద్ర మట్టం దగ్గర ఉన్నట్టే ఉంచొచ్చు. ఇంకా పైకి పోతే కొంచెం కొంచెం పలచబడుతుంది. గుండె, ఊపిరితిత్తుల పేషెంట్లకి అందుకే కింద ఎగురుతారు, ఇంధనం ఎక్కువ కాలుతుంది, ఫరవాలేదు. వెడల్పు తలుపు ఉన్న మోడల్ కూడా ఉంది, బి200సీ అని, స్ట్రెచర్ నేరుగా పోతుంది. బుక్ చేసేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

---

హకీంపేట_రిటర్న్:

బావమరిది ప్రశ్నకి ఎవరూ సరిగా చెప్పలేదు. ఎయిర్‌ఫోర్స్‌లో చేసి వచ్చినోణ్ణి, చిన్న విమానం అంటే ప్రమాదం అనడం తప్పు, పెద్ద ఎయిర్‌లైన్ అంత సేఫ్ అనడమూ తప్పు. మాధవరావు సింధియా గారు పోయింది 2001 సెప్టెంబరు 30న, కింగ్ ఎయిర్ సీ90, మైన్‌పురి దగ్గర, వాతావరణం బాగాలేని రోజు. 2015 డిసెంబరులో ఢిల్లీలో బీఎస్ఎఫ్ వాళ్ళ బి200 టేకాఫ్ అయిన కాసేపటికే ద్వారక దగ్గర కూలి పది మంది పోయారు. 2009లో మన నల్లమలలో జరిగింది కర్నూలోళ్ళకి నేను చెప్పక్కర్లేదు, వైఎస్ రాజశేఖరరెడ్డి గారి ఆ హెలికాప్టర్ బెల్ 430, దానికీ రెండు ఇంజన్లే. వాన, మబ్బు, కొండ.

ఎయిర్‌లైన్‌లో పైలట్‌కి "ఈరోజు పోలేను" అనడం సులువు. ఆఫీసులో డిస్పాచ్ వాళ్ళు, కంపెనీ రూలు అన్నీ అతని వెనక ఉంటాయి. చార్టర్‌లో, అంటే విమానం మొత్తం అద్దెకి తీసుకున్నప్పుడు, వెనక సీట్లో కూర్చున్నది విమానానికి డబ్బు కట్టిన మనిషి, మీటింగు టైము దాటిపోతుందని గడియారం చూస్తుంటాడు. ఇదివరకెప్పుడూ దిగని రన్‌వే, ఒక్కోసారి మబ్బులోంచి దారి చూపే పరికరాలు కూడా ఉండవు. అక్కడ పైలట్‌కి గట్టి నోరు ఉండాలి. కాబట్టి బావమరిదికి చెప్పు, ఇంజన్లు ఎన్ని అని కాదు, పైలట్ వద్దు అన్నప్పుడు పెద్దాయన నోరు మూసుకుంటాడా లేదా అని అడగమను. లారీ సంగతి మాత్రం వద్దు, నంద్యాల రోడ్డులో రాత్రి పూట లారీలు ఎలా పోతాయో నీకే తెలుసు.

---

నంద్యాల_చెక్‌పోస్ట్:

అందరికీ థ్యాంక్స్. బావమరిదికి చదివి వినిపించా, వాడు "సరే, నువ్వు పో, నేను టీవీలో చూస్తా" అన్నాడు. చివరగా ఒక్కటి. మా బార్ అసోసియేషన్‌లో ఆరుగురు లాయర్లు కలిసి నెలకోసారి చార్టర్ చేసుకుని, మిగిలిన సీట్లు వాట్సాప్‌లో అమ్ముకుంటే తప్పేమైనా ఉందా?

---

రెండో_ప్లాట్‌ఫారం_గుంతకల్లు:

లాయర్ల ఆఫీసులో కూర్చుని నన్నడుగుతావేందప్పా. ఆరుగురూ ముందే మాట్లాడుకుని ఖర్చు పంచుకుంటే ఒక సంగతి. టైము వేసి, టికెట్టు పెట్టి, ఎవరికి పడితే వాళ్ళకి అమ్మడం మొదలుపెడితే అది నీ పని కాదు, విమానం కంపెనీ పర్మిట్‌కి సంబంధించిన సంగతి. మామూలు చార్టర్ కంపెనీకి ఉండేది నాన్ షెడ్యూల్డ్ పర్మిట్, టైంటేబుల్ వేసి రోజూ తిప్పాలంటే షెడ్యూల్డ్ కమ్యూటర్ పర్మిట్ కావాలి, ఎయిర్ డెక్కన్ తెచ్చుకున్నది అదే. వాట్సాప్ గ్రూపు పెట్టే ముందు ఆ కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

---

తాడిపత్రి_నాపరాయి:

ఇంకోటి, వాయిదాలు ఆరుగురివీ ఒకే రోజు పడాలి కదా. అది ముందు సాధించు, విమానం నేను మాట్లాడిపెడతా.